శుభలేఖ మీద సన్న పాళీ రాత

1990ల చివర్లో తెనాలి లాంటి ఊళ్లో డీటీపీ, అంటే కంప్యూటర్లో అచ్చుకి పేజీలు తయారుచేసే పని, చేసినవాళ్లకి మాఘమాసం వస్తోందంటే టెన్షనే. సంక్రాంతి వెళ్లిన మర్నాటి నుంచే పెళ్లివాళ్లు పాత కార్డులు నమూనాకి పట్టుకుని మెట్లెక్కేవాళ్లు. మాఘం, ఫాల్గుణం ఒక ఊపు, వైశాఖం ఇంకో ఊపు, తర్వాత శ్రావణం. మధ్యలో మూఢమో ఆషాఢమో వస్తే గానీ మాకు ఊపిరాడేది కాదు. డిగ్రీ అయ్యాక ఇంట్లో ఖాళీగా ఎందుకని నేను ఆ పనిలో చేరాను. పేజీలు కట్టే పేజ్‌మేకర్, బొమ్మలు గీసే కోరెల్‌డ్రా, ఒక తెలుగు ఫాంట్ల ప్యాకేజీ, ఒక లేజర్ ప్రింటరు. అదీ మా ప్రపంచం.

మా సెంటరు ఒక పాత ప్రెస్సు మీది అంతస్తులో ఉండేది. కింద కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ అచ్చు మిషను, సీసం అక్షరాల కేసులు. పైన మేమూ మా కంప్యూటర్లూ. ప్రెస్సు యజమానిని అందరం బాబాయి గారు అనే పిలిచేవాళ్లం. ఆయన దగ్గరికి ఒక పెద్దాయన వస్తుండేవారు, హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కంప్యూటర్లు రాకముందు ఆ ప్రెస్సులో అచ్చయిన శుభలేఖల మీద వధూవరుల పేర్లు చేత్తో రాసింది ఆయనే. ఆ సన్నరాత నా కళ్లలో ఇప్పటికీ ఉంది. ఫాంట్ల మీద నాకు ఇంత ఇష్టం ఏర్పడటానికి కారణం ఆయనే.

ఆయన పద్ధతి చెబుతాను. కార్డులో మిగతా మేటరంతా, అంటే ముహూర్తం, కల్యాణ వేదిక, "మదర్పిత చందన తాంబూలాదులు స్వీకరించి" దాకా, కింద కంపోజిటర్ సీసం అక్షరాలతో పేర్చేవాడు. పైన "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు", మధ్యలో రెండు పేర్లు మాత్రం మాస్టారివి. ఆర్ట్ పేపరు మీద నల్ల ఇండియన్ ఇంకుతో, సన్న పాళీతో, అచ్చులో ఉండాల్సిన సైజుకి రెండు మూడు రెట్లు పెద్దగా రాసేవారు. ఆ కాగితం బ్లాకులు చేసే చోటికి వెళ్లేది. అక్కడ ప్రాసెస్ కెమెరాతో తగ్గించి ఫొటో తీసి అచ్చు వేయడానికి జింకు రేకు మీద బ్లాకు చేసి ఇచ్చేవాళ్లు. పెద్దగా రాసి తగ్గించడంలో ఉన్న లాభం ఏంటంటే, చెయ్యి కాస్త వణికినా ఆ వణుకు కనబడకుండా పోతుంది, గీత ఇంకా సన్నబడుతుంది. పాళీ మీద ఒత్తిడి పెరిగిన చోట లావు, వదిలేసిన చోట వెంట్రుక వాసి. ఆ తేడా మాత్రం తగ్గించినా అలాగే నిలుస్తుంది.

ఆయన "లక్ష్మి" అని రాస్తుంటే పనులు ఆపి చూసేవాళ్లం. మా వైపు ఆడపిల్లల పేర్లలో లక్ష్మి లేని పేరు వెతుక్కోవాలి, కాబట్టి చూసే భాగ్యం తరచూ దొరికేది. "ల" చివర కుడివైపు పైకి లేచిన గీత ఆగేది కాదు. అదే వెళ్లి "క్ష" మీద గుడిగా తిరిగేది. అక్కడి నుంచి కిందికి దిగి మ వత్తుగా చుట్టుకుని, కొసన సన్నబడి ఆగేది. మెలికల ముగ్గు వేసే చెయ్యి ఎలా ఆగకుండా చుక్కల చుట్టూ తిరిగొస్తుందో అలాగ. "పేరు మొదలుపెట్టాక కలం ఎత్తకూడదు అమ్మాయ్, ఎత్తితే ఆ చోటు కనబడుద్ది" అనేవారు. ఆ మాట అప్పట్లో రాతకి సంబంధించిన పట్టింపు అనిపించింది. అది ఫాంట్ల తయారీకి కూడా అసలు సూత్రమని తర్వాత తెలిసింది.

నేను చేరేసరికి బ్లాకుల పని దాదాపు పోయింది. ఆఫ్‌సెట్, స్క్రీన్ ప్రింటింగ్ వచ్చేశాయి. పెళ్లివాళ్లు మాత్రం పాత కార్డు చూపించి "పేర్లు అట్టాంటి రాతలోనే పెట్టండి, కంప్యూటర్లో ఉంటది కదా" అనేవాళ్లు. ఇంగ్లీషు కార్డయితే ఉండేది. కోరెల్‌డ్రా సీడీ నిండా ఇంగ్లీషు స్క్రిప్ట్ ఫాంట్లే. అందులో నాకు బాగా నచ్చింది షెల్లీ. 1972లో మాథ్యూ కార్టర్ చేసిన ఫాంటు అది. అందులో మూడు రకాలున్నాయి: ఆందాంతే, అల్లెగ్రో, వొలాంతే. సంగీతంలో వేగాన్నీ తీరునీ చెప్పే పేర్లే పెట్టారు. మొదటిదానిలో పెద్దక్షరాలు నెమ్మదిగా ఉంటాయి, మూడోదానికి వచ్చేసరికి తీగలు సాగిపోతాయి. అదే కార్టర్ అంతకుముందు, 1960ల మధ్యలో, చార్లెస్ స్నెల్ అనే పాతకాలపు రాత గురువు అక్షరాల్ని చూసి స్నెల్ రౌండ్‌హ్యాండ్ చేశాడు. సీసం అక్షరం ఒక దిమ్మ మీద కూర్చుని ఉంటుంది, దాని తోక పక్క దిమ్మ మీదికి పాకాలంటే కష్టం. అప్పుడు వచ్చిన, అక్షరాల్ని ఫొటోగా తీసి పేర్చే ఫొటో కంపోజింగ్‌లో దిమ్మ లేదు, కాబట్టి అక్షరాలు ఒకదాన్నొకటి నిజంగా తాకగలిగాయి. స్నెల్ రౌండ్‌హ్యాండ్ అందం ఆ వెసులుబాటులో పుట్టిందే.

ఇంగ్లీషు గొలుసు రాతకి ఒక సౌకర్యం ఉంది. చిన్నక్షరాల్లో చాలావాటి చివరి గీత ఇంచుమించు ఒకే ఎత్తులో బయటికి వస్తుంది, పక్కది దాన్ని అక్కడే అందుకుంటుంది. అన్నీ ఒకే వరుసలో నడుస్తాయి. మన అక్షరం అలా కాదు. పైన తలకట్టు, గుడి, ఏత్వం. కింద వత్తు, దాని కింద ఇంకో వత్తు. పక్కన కొమ్ము, దీర్ఘం. గుడి ఒక్కో హల్లుకి ఒక్కో చోట అంటుకుంటుంది. మో, యో, ఘో రాసే తీరే వేరు. ర వత్తు కింద నుంచి ఎడమవైపుకి తిరిగొస్తుంది. కలం నాలుగు దిక్కులకీ తిరగాలి.

అప్పటి తెలుగు ఫాంట్లలో ఉన్న చిక్కు ఇక్కడే. ప్రతి అక్షరానికీ ఒక సంకేతం ఇచ్చే యూనికోడ్ వాడకంలోకి రాకముందు ఒక ఫాంటులో రూపాలు పెట్టుకోవడానికి గరిష్ఠంగా 256 గదులు. తెలుగులో 35 హల్లులు, ఒక్కోదానికి 12 గుణింతాలు అనుకున్నా 420 అయ్యాయి, వత్తులింకా లెక్కలోకి రాలేదు. అన్నీ ఆ గదుల్లో పట్టవు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, కింది గుండ్రం ఒక ముక్క, గుడి ఒకటి, కొమ్ము ఒకటి. మనం టైపు చేస్తుంటే ఆ ముక్కలు పక్కపక్కన చేరి అక్షరం అవుతాయి. ఆ రోజుల్లో ఎక్కువమంది చేసింది ఇదే. తెలుగు పత్రికలు, పుస్తకాలు కంప్యూటర్లోకి రాగలిగాయంటే ఆ తెలివి వల్లే. కానీ ముక్కలు కలిసిన చోట అతుకు ఉంటుంది. లావుపాటి హెడ్డింగు అక్షరంలో అది దాగిపోతుంది. సన్న గీతలో దాగదు. గుడి ఒక వెంట్రుక వాసి పక్కకి జరిగినా కలం ఎత్తి మళ్లీ పెట్టినట్టు ఉంటుంది. మాస్టారు చెప్పిన ఆ చోటే. మా ప్యాకేజీలో చేతిరాత ఫాంట్లు అనేవాటిలో ఎక్కువ భాగం కుంచె రాతలే ఎందుకుండేవో, సన్నని రాతలు ఎందుకు అరుదో నాకు అలా అర్థమైంది.

కుంచె రాత అంటే బాపు గారి పేరు చెప్పకుండా ఎలా? 1933లో నరసాపురంలో పుట్టిన ఆయన తెలుగువాళ్ల చేతిరాతని ఎంత మార్చారో మాటల్లో చెప్పలేను. మా కాలేజీలో సగం మంది అమ్మాయిల నోట్సుల మీద అట్ట పేర్లు ఆయన అక్షరాల్లోనే ఉండేవి. ఆయన రాతని అనుసరించి ఫాంట్లు వచ్చాక శుభలేఖలు, పుస్తకాల అట్టలు, షాపు బోర్డులు అన్నిటి మీదా ఆ అక్షరాలే. నాకు ఆ రాతంటే ప్రాణం. 2014లో ఆయన పోయారని విన్న రోజు ఆయన గీతలు చూస్తూ కూర్చున్నాను. అయినా ఒక మాట అనాలి. అది ఒక మనిషి చేతి తీరు. ప్రతి పెళ్లికీ, ప్రతి పేరుకీ అదొక్కటే చాలదు. మనకి ఇంకా ఎన్నో చేతులున్నాయి. అవి కూడా ఫాంట్లుగా రావాలి.

ఆ చేతుల్లో ఒకటి మా తాతయ్యది. ఆయన కరణం. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక కూడా ఊళ్లో పాత కాగితాలు చదవాలంటే ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు, ఎందుకంటే అవన్నీ గొలుసుకట్టు రాతలో ఉండేవి. కలం ఎత్తకుండా పంక్తి పంక్తంతా సాగిపోయే రాత. తలకట్లు కలిసిపోతాయి, కొమ్ములు పక్క అక్షరంలోకి జారిపోతాయి, అలవాటు లేని కంటికి అక్షరమే దొరకదు. దస్తావేజు లేఖరుల దగ్గర కూడా ఈ రాత చాలాకాలం బతికింది. తెలుగులో అక్షరాలు కలిపి రాయడం కుదరదు అనేవాళ్లకి నేను తాతయ్య కాగితాలు చూపిస్తాను. కుదరకపోవడం కాదు, బడిలో నేర్పలేదు, అచ్చు దాన్ని మోయలేదు. మాస్టారు శుభలేఖల మీద చేసింది ఆ గొలుసుకట్టుకి తీరిక ఇవ్వడమే. కరణం పని తొందరలో కలిపేవాడు, మాస్టారు అందం కోసం నిదానంగా కలిపేవారు.

సన్నరాతని కాగితం మీదికి తేవడం ఇంకో కథ. మా లేజర్ ప్రింటరు అంగుళానికి 300 చుక్కలది. ఒక చుక్క దాదాపు 0.085 మిల్లీమీటర్లు. రెండు చుక్కల మందం ఉన్న ఏటవాలు గీత బటర్ పేపరు మీద మెట్లు మెట్లుగా పడేది. దాన్ని స్క్రీన్ మీదికి, అంటే రంగు దిగే జాలీ మీదికి, ఎక్స్‌పోజ్ చేస్తే ఇంకొంచెం పోయేది. పైగా పెళ్లివాళ్లందరికీ బంగారు రంగే కావాలి. బంగారు రంగులో లోహపు పొడి ఉంటుంది, అది సన్న జాలీలో ఇరుక్కుంటుంది, కాబట్టి కాస్త పెద్ద కన్నుల జాలీ కట్టాలి. పెద్ద కన్నుల జాలీలో సన్న గీత నిలవదు. ఒక చోట తెగుతుంది, ఇంకో చోట రంగు ఒలికి "ష" కడుపు, వత్తు గుండ్రం మూసుకుపోతాయి. కింద జాలీ మీద రంగుని స్క్వీజీ పట్టీతో లాగే అబ్బాయి, పైన మేము, మధ్యలో బాబాయి గారు. ఒక ముదురు మెరూన్ కార్డు మీద బంగారు సన్నరాత సరిగ్గా తేలిన రోజు ముగ్గురం దాన్ని వెలుతురులో పెట్టి మళ్లీ మళ్లీ చూసుకున్నాం.

అప్పుడు కుదిరిన అలవాట్లు ఇప్పటికీ వదల్లేదు. సన్నరాత పేర్లకే. మహా అయితే పైన ఒక మంగళ వాక్యానికి. అక్షరం సైజు 36 పాయింట్లకి తగ్గితే పెట్టను. ముహూర్తం, వేదిక, ఫోన్ నంబరు మామూలు అచ్చు అక్షరాల్లోనే ఉండాలి, ఎందుకంటే అమ్మమ్మ వయసు వాళ్లు కళ్లజోడు లేకుండా టైము చూసుకోవాలి. "జానక్యాః కమలామలాంజలిపుటే" శ్లోకం మొత్తాన్ని సన్నరాతలో పెట్టమని అడిగేవాళ్లు ఇప్పుడు కూడా ఉన్నారు. నేను వద్దని బతిమాలతాను. ఆ శ్లోకంలో వత్తులు చూడండి, పంక్తికీ పంక్తికీ మధ్య ఎంత ఖాళీ ఇచ్చినా పైవాటి వత్తులు కిందివాటి గుళ్లని తాకుతాయి. ఇంకోటి, పేరు చుట్టూ చోటు వదలాలి. పువ్వులు, వినాయకుడు, పల్లకి, అరటిచెట్లు అన్నీ మీద పడితే అంత నాజూకైన గీత ఎక్కడ కనబడుతుంది?

పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాను. పని వెతుక్కుంటూ పాతబస్తీలో ఛత్తా బజార్‌కి వెళ్లడం నా అదృష్టం. శుభలేఖల అచ్చుకి పేరున్న బజారు అది. ఉర్దూ కార్డులు రాసే కాతిబులు కొంతమంది అప్పటికి ఇంకా కనబడేవారు. రెల్లు కలంతో ఏటవాలుగా దిగే నస్తాలిక్ రాత వాళ్లది. దాన్ని కంప్యూటర్లోకి తేవడం మనకన్నా కష్టం, ఎందుకంటే ప్రతి పదం కుడి పైనుంచి ఎడమ కిందికి జారుతుంది, పక్క అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరం రూపు మారుతుంది. దాన్ని వాళ్లు ఎలా సాధించారో అక్కడే విన్నాను. 1981లో వచ్చిన నూరీ నస్తాలిక్ కోసం పాకిస్తాన్ లిపికారుడు మీర్జా అహ్మద్ జమీల్ అక్షరాలు విడివిడిగా కాకుండా, కలిసిన రూపాలనే దాదాపు 20,000 దాకా తయారుచేశారు. మోనోటైప్ కంపెనీ కంపోజింగ్ యంత్రంలోకి ఎక్కింది అవే. అతుకు ఎలా దాచాలా అని ఆలోచించకుండా, అతుకే లేకుండా మొత్తం రూపాన్ని రాసేశారు. ఆ మాట విన్న రోజు నాకు మాస్టారు గుర్తొచ్చారు. ఆయన చేసేదీ అదే కదా. ఆయన "లక్ష్మి"లో అక్షరాలు లేవు, మొత్తం ఒకటే రూపం.

ఇప్పుడు మనకి ఆ వీలుంది. యూనికోడ్‌లో "లక్ష్మి" అంటే ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. "శ్రీ" నాలుగు. వాటిని వరుసగా చూసి ఏ రూపం చూపించాలో చెప్పే నియమాలు ఓపెన్‌టైప్ అనే ఇప్పటి పద్ధతి ఫాంటు లోపలే రాసుకోవచ్చు. 256 గదుల బాధ లేదు, వేల రూపాలు పెట్టుకోవచ్చు. సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ ద్వారా పురుషోత్ కుమార్ గుత్తుల గారి ఫాంట్లు ఉచితంగా వచ్చినప్పుడు నేను పడిన సంబరం ఇంతా అంతా కాదు. గిడుగు, ధూర్జటి, మల్లన్న, రామభద్ర... వాటిలో లక్కిరెడ్డి చేతిరాత తరహాది, శీర్షికలకీ ఆహ్వానపత్రాలకీ అని ఉద్దేశించింది. గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. అది లైసెన్సు కొనే స్తోమత లేని చిన్న డీటీపీ సెంటర్లకి ఎంత మేలో ఆ పని చేసినవాళ్లకి తెలుసు.

సన్న పాళీ రాతకి ఇంకా చేయాల్సిన పని చాలా ఉంది. నేను చేస్తున్నది అదే, తీరిక దొరికినప్పుడల్లా. మాస్టారు పోయాక వాళ్లబ్బాయి ఒక కాగితాల కట్ట నాకు పంపించాడు. బ్లాకులకి వెళ్లొచ్చిన ఒరిజినల్స్. అంచుల్లో పెన్సిల్‌తో ఎన్నో వంతుకి తగ్గించాలో రాసి ఉంది. వాటిని అంగుళానికి 1200 చుక్కల చొప్పున స్కాన్ చేసి, ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్‌లో గీసుకుంటున్నాను. ఆటోమేటిక్ ట్రేసింగ్ వాడటం లేదు. అది ఇంకు అంచుని పట్టుకుంటుంది, కలం నడకని పట్టుకోదు. గీత ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఒత్తారు, ఎక్కడ వదిలారు, ఆ దారి వెంట బిందువులు నేనే పెట్టుకోవాలి. ఎంత తక్కువ బిందువులతో వంపు వస్తే అంత నున్నగా ఉంటుంది.

పేర్లలో తరచూ వచ్చే ముక్కల్ని మొత్తం రూపాలుగా పెడుతున్నాను: లక్ష్మి, శ్రీ, వెంకట, కుమారి, దేవి, ప్రసాద్, రావు. "శ్రీ"లో ర వత్తుని మాస్టారు ఎడమకి చాలా దూరం లాగేవారు, దాని మీదే పేరంతా కూర్చున్నట్టు ఉండేది. అందుకే దానికి రెండు రూపాలు చేశాను. పేరు మొదట్లో వస్తే పొడుగుది, మధ్యలో వస్తే పొట్టిది. "ల" లాంటి అక్షరాలకి మూడేసి రూపాలు, పక్కపక్కన ఒకే రూపం రెండుసార్లు పడకుండా ఒక నియమం. చేతిరాతలో రెండు "ల"లు ఎప్పుడూ అచ్చం ఒకలా ఉండవు. ఫాంటులో ఒకలా పడితే కంటికి ముందు దొరికిపోయేది అదే.

ఇక మిగిలింది లేని అక్షరాల సంగతి. ఆ కట్టలో ఉన్నవి పేర్లు, మంగళ వాక్యాలు, కొన్ని కార్డులకి నెలలు, తిథులు. ఝ దొరికింది, ఝాన్సీలు ఉన్నారు కాబట్టి. ఘ దొరికింది, మాఘం ఉంది, రాఘవలు ఉన్నారు. ఠ వైకుంఠరావు గారి ఇంటి పెళ్లి కార్డులో వచ్చింది. ఢ మాత్రం ఎక్కడా లేదు. ఆషాఢంలో ఎవరూ పెళ్లి చెయ్యరు, మూఢాల్లో చెయ్యరు, మరి శుభలేఖ మీద ఢ ఎలా వస్తుంది? ప్రస్తుతం దాన్ని ఆయన "డ" నుంచి, ఆయన "ధ" కింద వేసే చిన్న ఒత్తు గీత నుంచి కడుతున్నాను. ఆ ఒత్తు గీతని ఆయన నిలువుగా వేయరు, కాస్త ఎడమకి వాలుస్తారు. "భ" కింద కూడా అంతే. రెండింటినీ పక్కన పెట్టుకుని, ఆ వాలు "డ" కింద ఎంత ఉంటే కుదురుతుందో చూస్తున్నాను.